తొలికోడి లెక్క

గోదావరి డెల్టాలో రైలు రాకముందు, రైసు మిల్లు కూత వినపడకముందు, రాత్రిని కొలిచింది కోడిపుంజు. పగటికి ఎండా నీడా ఉన్నాయి. రాత్రికి చుక్కలున్నాయి గానీ, సార్వా ఊడ్పులు సాగే ఆషాఢ శ్రావణాల్లో ఆకాశమంతా మబ్బు పట్టి ఉంటే చుక్క కనపడేదెక్కడ? ఆ రోజుల్లో మగాళ్లు తొలికోడికి లేచి, మలికోడికి ఆకుమడిలో దిగేవారు. ఊడ్చే ఆడవాళ్లు చేలోకి వచ్చేసరికి ఆకు కట్టలు మడంతా పరిచి ఉండాలి. ఆలస్యమైతే ఎండెక్కిపోతుంది, కూలీ దండగ. అంత పెద్ద వ్యవసాయం, ధవళేశ్వరం ఆనకట్ట కింద లక్షల ఎకరాల వరి, తెల్లవారుజామున ఒక పక్షి గొంతును నమ్ముకుని కదిలేది. తణుకు తాలూకాలోని మా ఊళ్లో మా తాతయ్య తరం దాకా ఇదే పద్ధతి. "కోడి కూసింది, లెగండ్రా" అన్న మాటకి ఇల్లంతా లేచేది.

కోడికి ఎవరు చెప్పారు? జువాలజీ మాస్టారుగా నేను పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ఈ ప్రశ్నే అడిగేవాణ్ని. "వెలుగు చూసి కూస్తుందండీ" అనేవారు పిల్లలు. పల్లెటూరి పిల్లలు మాత్రం కొంచెం ఆగేవారు. తొలికోడి కూసేటప్పటికి తూర్పున వెలుగన్నది ఉండదని వాళ్లకి తెలుసు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో, గంప కింద, గంప మీద గోనెపట్టా కప్పి ఉన్నా, పుంజు కూసి తీరుతుంది.

2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో సుయోషి షిమ్మురా, తకాషి యోషిమురా ఈ సంగతిని ప్రయోగశాలలో తేల్చారు. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు మసక చీకటి ఇచ్చినప్పుడు, దీపం వెలగడానికి దాదాపు రెండు గంటల ముందే పుంజులు కూయడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత దీపం మార్చడం మానేసి, రేయింబవళ్లు ఒకే మసక వెలుతుర్లో ఉంచారు. అయినా కూత ఆగలేదు. సుమారు ఇరవై నాలుగు గంటలకోసారి, అదే లెక్కన, చాలా రోజులపాటు వినిపించింది. దీపం వెలిగించినా, పక్క పుంజు కూత వినిపించినా కూస్తాయి. కానీ దేహంలోని వేళ దగ్గరపడినప్పుడే ఆ కూత గట్టిగా పలుకుతుంది. అంటే గడియారం బయట లేదు, పుంజు తలలోనే ఉంది.

మా వైపు పుంజుల్ని పెంచేవాళ్లకి ఇందులో సగం ఎప్పుడో తెలుసు. సంక్రాంతికి నెలల ముందు నుంచే భీమవరం చుట్టుపక్కల కొబ్బరితోటల్లో పుంజుల్ని మేపుతారు. ఒక్కోదానికి ఒక్కో గంప, కాలికి తాడు, తిండికి బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, ఖైమా. పందేలను చట్టం నిషేధించింది. కాలికి కత్తి కట్టడం నాకూ సహించదు. కానీ ఆ మేపేవాళ్ల చూపు మాత్రం గొప్పది. అలాంటి తోటలో ఒక రాత్రి గడిపాను. వరసగా గంపలు. మూడు గంటలు దాటిన కాసేపటికి మూలనున్న గంపలో రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడైంది. వెదురు బద్దల మధ్య నుంచి డేగ రంగు పుంజు మెడ నిక్కింది. కూత సాగి, చివర కాస్త విరిగి, ఆగింది. లోపలికి ఊపిరి తీసినంత సేపు నిశ్శబ్దం. తర్వాత దాని పక్క గంప, ఆ తర్వాత అవతలి వరస. చివర్న ఉన్న పింగళ రంగు కుర్ర పుంజు అందరిదీ అయ్యేదాకా ఆగి, సన్నగా ఒక్కసారి కూసింది.

"ఆ మూలది కుయ్యందే మిగతాయి నోరు తెరవ్వండి మాస్టారూ," అన్నాడు కాపలా కుర్రాడు. "దీనికి ముందు ఇంకో పెద్దదుండేదండి. దాన్ని అమ్మేసిన మర్నాటి నుంచీ ఇది ముందు కూత్తందండి."

ఇదే మాట 2015లో నగోయా బృందం ప్రచురించింది. చిన్న గుంపుల్లో ఉంచిన పుంజుల్లో పెత్తనం ఎవరిదో ముందు తేల్చుకుని, తర్వాత కూతల వరస రాసుకున్నారు. రోజూ మొదట కూసేది పెద్ద పుంజే. మిగతావి హోదా వరసలో దాని వెనక. పెద్దదాన్ని తీసేస్తే రెండోది అందుకుంది. కింది పుంజుల తలలో గడియారం లేక కాదు. వాటికీ ఉంది. పెద్దదాని కూత కోసం అవి తమ వేళను కాస్త వెనక్కీ ముందుకీ సర్దుకుంటున్నాయి.

పుంజు దేహం పూటపూటకీ ఒకేలా ఉండదన్న సంగతి మీద మన వాళ్లు ఒక శాస్త్రమే కట్టారు. కోడిపందేల వర్ణన వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఉంది. అంటే ఆరు వందల ఏళ్ల నాటికే ఇది పాత ఆట. కుక్కుట శాస్త్రం చేతిలో పెట్టుకుని ఇవాళ్టికీ ముహూర్తాలు చూస్తారు. పగలూ రాత్రీ జాములుగా విడగొట్టి, ఏ జాములో ఏ రంగు పుంజుకి భోజనావస్థ, ఏ రంగుకి గమనం, రాజ్యం, నిద్ర, మరణం అని పట్టికలు వేసి ఉంటాయి. డేగకి రాజ్యం నడిచే వేళ కాకికి నిద్ర కావచ్చు. రంగునీ తిథినీ బట్టి గెలుపోటములు మారతాయన్నదానికి రుజువు లేదు, దాన్ని నేను ఒప్పుకోను. కానీ ఆ పట్టిక అడుగున ఉన్న గమనింపు చాలా విలువైనది. తినే వేళ, తిరిగే వేళ, బలం ఉండే వేళ, నిద్ర వేళ ఒకే దేహంలో వరసగా వచ్చిపోతాయని, ఆ వరస రోజూ తిరిగి వస్తుందని గుర్తించినవాళ్లు రాసిన పట్టిక అది. యూరప్‌లో 1729లో దె మైరాన్ అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి, ఎండ తగలకపోయినా ఆకులు వేళకి విచ్చుకుని వేళకి ముడుచుకుంటున్నాయని చూశాడు. మన పందెగాళ్లు పుంజుని చీకట్లో పెట్టి చూడలేదు, అంతే తేడా. ప్రయోగం అన్నది లేకపోవడం వల్లే శాస్త్రం రంగుల దగ్గర ఆగిపోయింది.

ఇంతకీ ఆ గడియారం తలలో ఎక్కడుంది? పక్షుల్లో ఇది ఒక్కచోట లేదు. పుర్రె కప్పు కిందే పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంది. 1968లో గాస్టన్, మెనేకర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు పిచ్చుకల్లో దాన్ని తీసేసి ఎడతెగని చీకట్లో ఉంచితే, వాటి రోజువారీ లయ చెదిరిపోయింది. ఎప్పుడు పడితే అప్పుడు ఎగరడం, ఎప్పుడు పడితే అప్పుడు కునుకు. కోడి పీనియల్ కణాల్ని గాజు పళ్లెంలో పెంచినా రాత్రి వేళకి మెలటోనిన్ తయారుచేస్తాయి, పగటి వేళకి ఆపేస్తాయి. వెలుతురు పట్టుకునే పదార్థం కూడా ఆ కణాల్లోనే ఉంది. పుర్రె ఎముక గుండా దిగే వెలుగే వాటికి చాలు. పక్షి కంటి వెనక పొర ఒక గడియారం, మెదడు అడుగున హైపోథాలమస్ మరొకటి. మూడూ ఒకదానికొకటి కబురు పంపుకుంటూ నడుస్తాయి.

మనుషుల్లోనూ ఎలుకల్లోనూ పెత్తనం హైపోథాలమస్‌కి చేరింది. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకి సరిగ్గా పైన, రెండు వైపులా చిన్న కణాల కుప్పలున్నాయి. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. ఎలుకలో రెండు వైపులా కలిపితే సుమారు 20,000 కణాలు. 1972లో ఆ కుప్పల్ని దెబ్బతీసి చూసినప్పుడు ఎలుకల రోజువారీ లయలు పోయాయి. 1990లో ఇంకా స్పష్టమైన రుజువు దొరికింది. ఇరవై గంటలకే రోజు పూర్తయ్యే వింత హామ్‌స్టర్ నుంచి ఆ ముక్కని తీసి, సొంత కుప్ప తొలగించిన మామూలు హామ్‌స్టర్‌కి పెడితే, దాని రోజూ ఇరవై గంటలైంది.

ఇక్కడి నుంచే కథ నాకు ప్రాణమైన చోటికి వస్తుంది. ఆ కుప్పలో ఒక్కో కణం దానంతట అదే గడియారం. కణంలో కొన్ని జన్యువులు ప్రోటీన్లు తయారుచేయిస్తాయి. ఆ ప్రోటీన్లు పోగుపడి, కేంద్రకంలోకి వెళ్లి, తమను తయారుచేసే జన్యువునే ఆపేస్తాయి. క్రమంగా అవి చివికిపోయాక జన్యువు మళ్లీ మొదలుపెడుతుంది. ఈ చుట్టు తిరగడానికి ఒక రోజు పడుతుంది. ఈ యంత్రాంగాన్ని ఈగల్లో విప్పి చూపినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి నోబెల్ వచ్చింది. కానీ 1995లో వెల్ష్, ఆయన సహచరులు ఎలుక కణాల్ని విడివిడిగా పళ్లెంలో పరిచి, ఒక్కోదాని విద్యుత్ చప్పుళ్లు వారాల తరబడి రాసుకున్నప్పుడు తేలిందేమిటంటే, ఒకదానికి రోజు ఇరవై రెండు గంటలైతే ఇంకోదానికి ఇరవై ఐదు. ఒకటి చురుగ్గా ఉన్నప్పుడు పక్కది నిద్రపోతోంది. ఒంటరిగా ఉంటే దేని లోకం దానిది. అవే కణాలు మెదడులో కలిసి ఉన్నప్పుడు మాత్రం అన్నీ ఒక్క మాట మీద నడుస్తాయి.

ఎలా? కబుర్ల వల్ల. కంటి నరం దిగే అడుగు భాగంలోని కణాలు వీఐపీ అనే చిన్న ప్రోటీన్ ముక్కని విడుదల చేస్తాయి. మొదట పేగుల్లో దొరికిన పదార్థమే ఇది. పక్క కణాలు దాన్ని అందుకుని తమ గడియారాన్ని కొద్దిగా ముందుకో వెనక్కో జరుపుకుంటాయి. 2005లో సెయింట్ లూయిస్‌లో హెర్జోగ్ బృందం వీఐపీ లేని ఎలుకల్ని పరిశీలించింది. కణాల్లో చాలావాటికి లయ తప్పింది, లయ మిగిలినవి ఒకదానితో ఒకటి కలవలేకపోయాయి. ఆ ఎలుకలకి పగలూ రాత్రీ తేడా చెడింది. రెండేళ్ల తర్వాత మరో బృందం చూపింది ఇంకా ముఖ్యం: జన్యువు చెడిపోయి సొంతంగా లయ నిలుపుకోలేని కణాలు కూడా, గుంపులో ఉంటే రోజు తప్పకుండా నడుస్తాయి. బలహీనమైనవాటిని గుంపు నిలబెడుతుంది.

కొబ్బరితోటలో గంపల వరస నాకు ఇక్కడే గుర్తొస్తుంది. ఒకటి కూస్తే ఇంకోటి, ఊళ్లో కోళ్లన్నీ ఒక్క తెల్లవారుజాముకి చేరతాయి. అయితే గంపల్లో పెద్ద పుంజుంది. కణాల్లో అలాంటి రాజు లేడు. వెలుగు కబురు ముందు అందుకునే కణాలున్నాయి, వేగం ఎక్కువున్నవీ తక్కువున్నవీ ఉన్నాయి. కానీ సరైన వేళ ఏ ఒక్కదాని సొత్తూ కాదు. అది వాటి మధ్య కుదిరిన ఒప్పందం.

డెల్టాలో బయటి గడియారాలు ఒప్పందానికి రావడానికి మాత్రం బయటివాళ్లు కావలసి వచ్చింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట వల్ల కాలువలొచ్చాయి, కాలువల మీద లాకులొచ్చాయి, రాత్రంతా గూడు పడవలు నడిచాయి. పడవలకి నిమిషాలతో పనిలేదు. 1890ల్లో రైలొచ్చింది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచేదాకా కొవ్వూరులో దిగి, పడవ మీద ఏరు దాటి, రాజమండ్రిలో మళ్లీ రైలెక్కేవారు. రైలు నడిచింది మద్రాసు టైముతో. మద్రాసు వేధశాలలో లెక్కగట్టిన వేళ తంతి మీద స్టేషన్లకి చేరేది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చి, గడియారాలు మద్రాసు టైము కన్నా తొమ్మిది నిమిషాలకి కాస్త తక్కువగా ముందుకు జరిగాయి.

ఇందులో మన డెల్టాకి దక్కిన అదృష్టం గురించి ఎవరూ అనుకోగా నేను వినలేదు. దేశం మొత్తానికి వేళ నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకి కొద్ది దూరంలోనే పోతుంది. రాజమండ్రిలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకీ గడియారంలో పన్నెండుకీ తేడా సగటున మూడు నిమిషాలు, భీమవరంలో నాలుగు. అదే ద్వారకలో అయితే యాభై నిమిషాల పైనే వెనక. డిబ్రూగఢ్‌లో సూర్యుడు యాభై నిమిషాలు ముందుంటాడు. అందుకే అస్సాం తేయాకు తోటలు గంట ముందున్న సొంత టైము పెట్టుకున్నాయి. తలలోని కణాలకి గోడ గడియారం తెలీదు, వెలుగే తెలుసు. గోడ గడియారం, ఒంట్లో గడియారం ఇంత దగ్గరగా నడిచే చోట్లు దేశంలో చాలా తక్కువ. ఆ తక్కువలో మనం ఉన్నాం.

సముద్రం వైపు ఊళ్లకి రెండో లెక్క కూడా ఉంది. భైరవపాలెం, అంతర్వేది వైపు వేటకి వెళ్లేవాళ్లు కోడి కూత చూడరు, పోటూ పాటూ చూస్తారు. పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఈ లయ కూడా జీవుల ఒంట్లో ఉంటుందని 1954లో చూపినవారిలో మన తెలుగువారే ఒకరు: తర్వాత తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జువాలజీ శాఖని నిలబెట్టిన కె. పంపాపతిరావు గారు. కాలిఫోర్నియాలో సముద్రపు ఆల్చిప్పల్ని నీటిమట్టం మారని తొట్లలో పెట్టినా, తీరంలో పోటు వేళకే అవి నీళ్లు ఎక్కువగా తోడేవి. తీరం మారిస్తే కొన్నాళ్లకి కొత్త తీరపు పోటుకి సర్దుకున్నాయి. తిరుపతిలో ఆయన శిష్యబృందం తేళ్ల రోజువారీ లయల మీద పని సాగించింది. 1967లో నేచర్ పత్రికలో వాళ్ల వ్యాసం అచ్చయింది. ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పేజీలు మొదటిసారి చూసినప్పుడు కలిగిన గర్వం నాకిప్పటికీ తగ్గలేదు.

పుంజు కూత అవసరం తీరిపోయే కాలానికి డెల్టా పెట్ట గడియారాన్ని పట్టుకుంది. వరి పండే చోట నూకా తవుడూ కొదవలేదు. తణుకు, అనపర్తి, మండపేట చుట్టూ లేయర్ ఫారాలు పుట్టాయి. 1982లో బి.వి. రావు గారి చొరవతో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడి గుడ్డు ధర రైతుల చేతికొచ్చాక ఇంకా పెరిగాయి. ఇవాళ గోదావరి గుడ్డు బెంగాల్‌కీ అస్సాంకీ లారీలెక్కుతోంది.

మా మేనమామ తొలి షెడ్డు వేసినప్పుడు దాణా కన్నా ఎక్కువగా బెంగపడింది బల్బుల గురించి. పెట్ట గుడ్డు పెట్టాలంటే రోజు పెరుగుతోందని దాని మెదడుకి తెలియాలి. మన దగ్గర చలికాలం పగలు 11 గంటల పైచిలుకు, ఎండాకాలం నడుమ 13 గంటలు. షెడ్డులో 16 గంటల వెలుగు చేయాలి. కనుక తెల్లవారుజామునా పొద్దుపోయాకా బల్బు. ఆ వెలుగుని పట్టుకునేది కళ్లు మాత్రమే కాదు. 1930ల్లో ఫ్రాన్స్‌లో బెన్వా అనే ఆయన చూపులేని బాతుల్లో కూడా వెలుగుకి బీజకోశాలు పెరగడం చూశాడు. మెదడు లోపలి కణాలే వెలుగుని గుర్తిస్తున్నాయి. పెట్టలో గుడ్డు తయారవడానికి ఇరవై నాలుగు గంటల పైనే పడుతుంది. అందుకే రోజూ కాస్త ఆలస్యంగా పెడుతుంది. కానీ అండం విడుదలకి మెదడు ఇచ్చే అనుమతి రాత్రిలో కొన్ని గంటలకే పరిమితం. వేళ ఆ హద్దు దాటితే ఒక రోజు మానేసి, మళ్లీ మొదటి నుంచి మొదలు. కరెంటు వేళాపాళా లేకుండా పోయే ఆ రోజుల్లో సాయంత్రం బల్బు రెండు మూడు గంటలు ఎగిరిపోయిందంటే మావయ్య మొహం చూడలేకపోయేవాళ్లం. "తిండి ఒక పూట తగ్గితే ఓర్చుకుంటాదిరా, ఎలుతురు తగ్గితే ఓర్చుకోదు," అనేవాడు. వరసగా నాలుగు రోజులు అలా జరిగితే ట్రేలు వెలవెలబోయేవి.

పెట్ట విషయంలో ఇంత జాగ్రత్త తెలిసిన నేల మీద మనుషుల రాత్రిపని పెరిగింది. 2009 తర్వాత వెనామీ రొయ్య వచ్చాక భీమవరం చుట్టూ చెరువులకి రాత్రి కాపలా తప్పనిసరైంది. నీళ్లలోని నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తీసుకుంటుంది. తెల్లారే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. ఒకప్పుడు తొలికోడి కూసే ఆ వేళకే ఏరేటర్ ఆగిందేమో చూడటానికి మనిషి గట్టు మీద ఉండాలి. రొయ్యల ప్లాంట్లలో ఆడపిల్లలు వారం వారం షిఫ్టు మారుతూ పనిచేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధనా సంస్థ 2007లో, మళ్లీ 2019లో, లయ చెదిరే రాత్రిపనిని కేన్సర్‌కి బహుశా కారణమయ్యేవాటిలో చేర్చింది. వేళ ఒక్కసారిగా మారితే సుప్రాకయాస్మాటిక్ కుప్పలో వెలుగు కబురు అందుకునే అడుగు కణాలు త్వరగా జరుగుతాయి, పై కణాలు రోజుల తరబడి పాత వేళలోనే ఉంటాయి. కాలేయం తిండి వేళని బట్టి మరో దారి పడుతుంది. ఒంట్లో ఒప్పందం కుదిరేలోపు వారం తిరిగి షిఫ్టు మళ్లీ మారుతుంది.

నా పాత విద్యార్థి ఒకతను ఒక ప్లాంటులో సూపర్‌వైజరు. షిఫ్టు పట్టీ తీసుకుని ఇంటికొచ్చి సలహా అడిగాడు. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి ఉదయానికి వెనక్కి తిప్పుతున్నారు. దాన్ని ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వరసలో ముందుకి తిప్పమన్నాను. చాలామంది ఒంటికి రోజుని లాగడం సులువు, కుదించడం కష్టం. వారానికోసారి కాకుండా ఎక్కువ రోజులు ఒకే షిఫ్టు ఉంచమన్నాను. రాత్రి షిఫ్టు నుంచి ఇంటికెళ్లేటప్పుడు ఎండ కళ్లలో పడకుండా బస్సు కిటికీలకి తెరలు వేయించమన్నాను.

పట్టీ మార్చే ముందు పనిచేసేవాళ్లని కూడా అడుగుదామని నన్ను ప్లాంటుకి తీసుకెళ్లాడు. తలకి ప్లాస్టిక్ టోపీతో, చేతులు చన్నీళ్లకి ముడతలు పడిన ఒకామె అంతా విని, "ఆయ్, మీరు చెప్పింది బాగానే ఉందండి మాస్టారూ. వరస మారిస్తే మంచిదే. కానీ ముందు బస్సు టైము మార్పించండి. రాత్రి షిఫ్టు అయ్యాక గంటన్నర గేటు దగ్గర కూర్చుంటన్నావండి, ఎండలోనే," అంది. కిటికీ తెరల మాట పక్కన పెట్టి, పట్టీ మీద బస్సు టైము మొదటి వరసలో రాశాం.